ఆదికి తెచ్చిన బల్ల

టైలరమ్మ నల్లబట్ట ఒప్పుకోవడం మానేసి చాలాకాలమైంది. కుట్టడం రాక కాదు, ఓపిక లేక. ఇంట్లో ఏ మూల నల్లగుడ్డ పరిచినా చూస్తుండగానే దాని మీద తెల్లటి థర్మాకోల్ పూసలు వాలిపోతాయి. దులిపితే పోవు. ఏరితే వేళ్ళకు అంటుకుంటాయి, వేళ్ళు విదిలిస్తే మోచేతికి ఎక్కుతాయి. ఒకసారి ఒక పెద్దాయన తన నల్లకోటు తొడుక్కుని అద్దంలో భుజాలు చూసుకుని, తనకు ఇంత చుండ్రు ఉందని ఇన్నాళ్ళూ తెలియలేదని దిగులుపడ్డాడు. ఆయనకు నిజం చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

ఆ పూసలకు మూలపురుషుడు ఆమెను కట్టుకున్నవాడే. తలుపులూ కిటికీలూ చేసే కార్ఖానాలో వడ్రంగి. పగలంతా అక్కడ తలుపులు చేసి, ఇంటికొచ్చి వెనక వసారాలో సర్ఫ్‌బోర్డులు చేస్తాడు. అలల మీద నిలబడి జారడానికి వాడే పొడుగాటి బల్లలు. వీధిలో ఆయనకు బల్లల మేస్త్రి అని పేరు. ఆ పేరు వింటే ఏ గజ ఈతగాడో అనుకుంటారు కొత్తవాళ్ళు. ఆయనకు ఈత రాదు. వీధి చివరే సముద్రమున్నా చీలమండ దాటి నీళ్ళొస్తే వెనక్కి అడుగు వేస్తాడు. ఆ బల్లలెక్కి అలల్లోకి వెళ్ళేది టైలరమ్మ.

ఆమె ఆ ఒడ్డునే పుట్టి పెరిగింది. పరికిణీ వయసు నుంచీ దొరికిన చెక్క మీదల్లా పడుకుని అలలతో పాటు ఒడ్డుకు కొట్టుకొచ్చేది. పెళ్ళయిన కొత్తలో అది చూసిన మేస్త్రి, నీకు నేనొక మంచి బల్ల చేసిపెడతానన్నాడు. అన్నమాట ప్రకారం చేశాడు కూడా. మోటుగా, బరువుగా ఉండేది గానీ దాని మీద ఆమె లేచి నిలబడింది. పొద్దస్తమానం మిషను ముందు వంగి ఉండే నడుము ఆ అల మీద నిటారుగా లేచేది. ఆ కాసేపటి కోసమే మిగతా వారమంతా గుండీలూ కాజాలూ కుడుతున్నానని ఆమె ఎవరితోనూ అనలేదు, అంటే నవ్వుతారని.

అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! కానీ మేస్త్రికి ఒక జబ్బుంది. ఆ మొదటిది తప్పిస్తే సొంతంగా మనసులో ఒక్క బల్ల కూడా పుట్టదు గానీ, పరాయివాడు చేసిన బల్ల కంటపడితే మాత్రం ముద్ద దిగదు. అచ్చం అలాంటిది తానూ చేసి తీరాలి. ఒకసారి ఏదో పత్రికలో బొమ్మ చూసి చేశాడు. బొమ్మలో బల్ల పైభాగమే కనిపిస్తోంది కాబట్టి కిందిభాగం తలుపులా చదునుగా లాగించేశాడు. ఇంకోసారి పట్నంలో ఒక దుకాణానికి వెళ్ళి, వాళ్ళు టేపు పెట్టనివ్వకపోతే, బల్లను మెచ్చుకుంటున్నట్టు అటూ ఇటూ తడుముతూ జానలతో కొలుచుకొచ్చాడు. ఆ తడమడం చూసి దుకాణం మనిషికి అనుమానమొచ్చి, వెంట ఉన్న టైలరమ్మను పక్కకు పిలిచి, మీవారికి ఒంట్లో బాగానే ఉంటుందా అని అడిగాడు. మూడోది మరీ ఘోరం. బస్సు కప్పు మీద ఎవరిదో బల్ల కట్టి ఉండడం చూసి, అది దించేచోట కొలుచుకుందామని తనకు సంబంధం లేని ఊరికి టిక్కెట్టు కొనుక్కుని ఎక్కేశాడు.

"పులిని చూసి నక్క వాత పెట్టుకుందట, అలా ఉంది వీడి యవ్వారం," అనేది అత్తగారు. కన్నతల్లే ఆ మాట అన్నాక కోడలు కొత్తగా అనడానికేముంది?

అయినా చేసే పనిలో మాత్రం లోపం చెప్పడానికి వీల్లేదు. థర్మాకోల్ దిమ్మను నిలువునా కోసి, మధ్యలో సన్నటి చెక్కపట్టీ పెట్టి అతికించి, చిత్రిక పట్టి, ఎమరీ కాగితంతో రుద్ది రుద్ది, చివరికి చెయ్యి వేస్తే ఎక్కడా ఆగనంత నునుపు తెచ్చేవాడు. ఆ తర్వాత గాజుబట్ట పరిచి, అది గట్టిపడడానికి రెజిన్ అనే జిగురు పోసేవాడు. ఆ వాసనకు ఇల్లంతా తలనొప్పి. ఆరబెట్టడానికి చోటు లేదని తెచ్చి టైలరమ్మ కత్తిరింపుల బల్ల మీద పడుకోబెట్టేవాడు. అప్పుడామె నేల మీద కూర్చుని చొక్కాలు కత్తిరించుకోవాలి. చెప్పీ చెప్పీ తలప్రాణం తోకకొచ్చింది. ఆయన వింటున్నట్టు తల ఊపేవాడు. చూపు మాత్రం బల్ల అంచు మీదే ఉండేది.

ఇవన్నీ భరించింది. భరించలేనిది వేరే ఉంది. ఈ పరాయి బల్లల నకళ్ళు ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ ఆమె పడిపోతోంది.

మొదట్లో కొత్త బల్ల కదా, అలవాటు కావాలిలే అనుకుంది. తర్వాత గాలి ఎక్కువగా ఉందనుకుంది. మొదటి బల్ల ఎప్పుడో విరిగిపోయింది, ఆ తర్వాతివి ఒకదాని తర్వాత ఒకటి ఎన్ని మార్చినా అదే వరస. లేచి నిలబడుతుంది, అల మీద బల్లను తిప్పబోతుంది, వెనక మోకాలు లోపలికి ముడుచుకుపోతుంది, నీళ్ళలో పడుతుంది. ఇంటికొచ్చాక మిషను తొక్కుతుంటే ఆ మోకాలే పోటు పెట్టేది. అత్తగారు నూనె కాచి ఇచ్చేది. రోజూ ఆ నూనె రుద్దుకుంటూ టైలరమ్మ తన వయసు లెక్కేసుకునేది. నలభై దాటిన ఒళ్ళు ఎన్నాళ్ళని మాట వింటుంది?

ఒకసారి ఉండబట్టలేక, బల్లలోనే ఏదో తేడా ఉందేమో చూడమని మొగుణ్ణి అడిగింది. ఆయనకు చర్రుమని కోపమొచ్చింది. అంతంత పేరున్న మేస్త్రులు చేసినవాటిని చూసి వెంట్రుకవాసి తేడా లేకుండా దించానన్నాడు. పైగా, "ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పడ్డప్పుడల్లా బల్లనంటే ఎలాగే?" అన్నాడు. పొద్దున అన్న ఆ మాట ఆమెకు రాత్రి అన్నం దగ్గర కూడా గొంతుకు అడ్డం పడింది.

అంతకంటే ఒళ్ళుమండే సంగతి ఇంకొకటి. ఆమె అలల్లో ఉన్నంతసేపూ ఆయన ఒడ్డున రోడ్డు పక్క అరుగు మీద కూర్చునేవాడు. సముద్రం వైపు కాదు, రోడ్డు వైపు తిరిగి. ఏదో ఒక ముక్క చేతిలో పెట్టుకుని గీకుతూ ఉండేవాడు. ఆమె తడిసి ముద్దై, ఉప్పునీళ్ళు కక్కుకుంటూ బయటికొస్తే, అడిగే మొదటి మాట, "బల్లకేం కాలేదు కదా?" అనే. పెళ్ళాం మునిగినా తేలినా పట్టదు గానీ బల్ల అంచుకు చిన్న దెబ్బ తగిలితే ప్రాణం ఉసూరుమంటుంది ఈ మనిషికి అనుకునేది ఆమె. కొన్నాళ్ళకు అనుకోవడం కూడా మానేసింది.

ఒకరోజు నూనె రుద్దుకుంటూ అత్తగారితో అంది, ఈసారి చేసే బల్ల కూడా తనను పడదోస్తే ఇక సముద్రానికి వెళ్ళడం మానేస్తానని. ఎప్పుడూ ఏదో ఒక సామెత విసిరే ఆవిడ ఆ రోజు నూనె గిన్నె కోడలి దగ్గరికి జరిపి లేచి వెళ్ళిపోయింది.

సరిగ్గా అప్పుడే లాడ్జి ఆయన దగ్గరికి ఒక బల్ల వచ్చింది. సముద్రపొడ్డున ఆయనకు నాలుగు గదుల లాడ్జి ఉంది. అందులో దిగిన ఒక ఆరడుగుల మనిషి, మళ్ళీ వచ్చినప్పుడు తీసుకుంటానని తన పాత బల్ల అక్కడ వదిలి వెళ్ళాడట. అది చేసినాయన ఈ విద్యలో పెద్దతలకాయ అని, ఆయన చేతి బల్ల దొరకడమే గగనమని ఎవరో చెప్పారు. ఇంకేముంది, మేస్త్రి లాడ్జి తలుపులన్నీ ఊరికే బాగుచేసిపెట్టి ఆ బల్లను అరువు తెచ్చుకున్నాడు.

తెచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లో మనిషి మనిషిలా లేడు. నేల మీద బోర్లా పడుకుని, ఒక కన్ను మూసి, బల్ల వంపు చూసేవాడు. అట్టముక్కలు అంచుకు ఆనించి గీతలు గీసేవాడు. బల్ల పైన, మధ్యపట్టీకి ఎడమపక్కన, అరచేతిలో పట్టేంత లోతులేని గుంటలు రెండున్నాయి, ముందొకటి, వెనకొకటి. అవి చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది. పెద్దమేస్త్రి గుట్టంతా ఇక్కడే దాచాడన్నాడు. ఆ గుంటల లోతు తెలుసుకోవడానికి వంటింట్లో చెంచా తెచ్చి, చెంచాతో నీళ్ళు పోసి, ఎన్ని పడితే నిండుతుందో చూశాడు. ఆ తర్వాత తన కొత్త బల్లకూ అక్కడే, అంతే లోతున రెండు గుంటలు తొలిచి, మళ్ళీ అదే చెంచాతో పోసి సరిచూసుకున్నాడు. పప్పులో ఉప్పు వేయడానికి చెంచా కోసం అత్తగారు ఇల్లంతా వెతికింది.

కొత్త బల్ల తయారైంది. నిజం చెప్పాలంటే చూడముచ్చటగా ఉంది. టైలరమ్మ ఆశ చావక దాన్ని తీసుకుని నీళ్ళలో దిగింది. ఇంతకుముందు తిప్పబోయినప్పుడు పడేది, ఇప్పుడు నిలబడబోయినప్పుడే పడింది. కాలివేళ్ళు గుంటలోకి జారిపోయి బొక్కబోర్లా పడింది. అలా పడీ లేచీ, పడీ లేచీ, చివరికి లేవకుండా బల్ల మీద పడుకుని ఒడ్డుకొచ్చింది. ఆయన బల్ల సంగతి అడిగాడు. ఆమె ఇంటికెళ్ళి ఈతదుస్తులు ఉతికి ఆరేసి, ఆరాక మడిచి, పాత గుడ్డలతో సంచులు కుట్టడానికి పక్కన పెట్టిన మూటలో వేసింది.

రెండు రోజులు గడిచాయి. సెలవు రోజు మధ్యాహ్నం ఆమెకు ఒక గౌను కత్తిరించాల్సిన పని పడింది. కత్తిరింపుల బల్ల మీద చూస్తే మామూలే, కొత్త సర్ఫ్‌బోర్డు. పక్కనే గోడకు ఆనించి లాడ్జివాళ్ళ పాత బోర్డు. కొత్తదాన్ని ఎత్తి కింద పెట్టబోతూ ఎందుకో పాతదాని వైపు చూసింది. దాని గుంటల్లో గాజుబట్ట సన్నగా చిట్లి ఉంది. ఆ చిట్లిన గీతల్లో మట్టీ, కాలు జారకుండా రాసుకునే మైనమూ నల్లగా ఇరుక్కుపోయి ఉన్నాయి. చుట్టుపక్కలంతా నున్నగా, అక్కడ మాత్రం అరిగిపోయి.

అరుగుదల అంటే ఏమిటో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. జీవితమంతా మోచేతుల దగ్గర, మోకాళ్ళ దగ్గర అరిగిన బట్టలతోనే గడిచింది. కొత్త బల్లను నేల మీద పెట్టి ఎక్కి నిలబడింది. ఎడమకాలు ముందు పెట్టినవాడికైతే ఆ గుంటల్లో మడమలు కూర్చుంటాయి. ఆమె ముందు పెట్టేది కుడికాలు. ఆమె మడమలు పట్టీకి అవతలిపక్కకు వచ్చాయి, గుంటల్లో పడ్డవి వేళ్ళు. పైగా ఆ రెండు గుంటలకీ తన రెండు కాళ్ళు అందాలంటే అంగ సాచాల్సి వచ్చింది. కళ్ళ ముందు మబ్బు విడిపోయినట్టయింది. మరుక్షణం నవ్వు రావలసిన చోట కోపం తన్నుకొచ్చింది.

మొగుణ్ణి కేకేసింది. ఆయన చిత్రిక చేతపట్టుకునే వచ్చాడు.

"ఈ గుంటలేమిటండీ?"

అది పెద్దమేస్త్రి గుట్టు అనీ, ఆడవాళ్ళకు చెబితే అర్థం కాదనీ మొదలుపెట్టాడు.

"గుట్టూ లేదు, గాడిదగుడ్డూ లేదు. ఆ ఆరడుగులాయన ఏళ్ళ తరబడి తొక్కితే మడమలు దిగబడ్డ గుంటలండీ ఇవి. కొలత కోసం ఆదికిచ్చిన చొక్కాకి మోచేతి దగ్గర మాసిక ఉందని, కొత్త చొక్కాకి కూడా మాసిక వేశారు మీరు."

మేస్త్రి వంగి పాత బల్లను చూశాడు. వేలితో గుంట తడిమాడు, ఆ చిట్లిన గీతలను గోటితో గీకాడు. చిత్రిక కింద పెట్టేశాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అంత పొరపాటు బయటపడ్డాక వేరే ఎవరైనా అక్కడితో వదిలేసేవారేమో, టైలరమ్మకు మాత్రం ఇంతకాలం గొంతుకు అడ్డంపడ్డవన్నీ ఒక్కసారి పైకొచ్చాయి. తన దగ్గరికి ఎవరు పాత బట్ట ఆదికి తెచ్చినా టేపుతో మనిషిని కూడా కొలవకుండా కత్తెర పట్టనని అంది. ఊళ్ళోవాళ్ళ బల్లలన్నీ జానలు వేసి, చెంచాలు పోసి కొలిచిన మనిషి, బల్ల ఎక్కే పెళ్ళాం కొలత ఒక్కసారైనా అడిగాడా అంది.

"ఇంత చేస్తారు కదా, చెప్పండి చూద్దాం. నేను ఏ కాలు ముందు పెడతాను?"

ఆయన ఆలోచించాడు. ఆలోచిస్తున్నాడన్నదే ఆమెకు పుండు మీద కారం చల్లినట్టుంది.

"ఎడమ," అన్నాడు చివరికి.

గుమ్మం దగ్గర నిలబడి వింటున్న అత్తగారే నోరు తెరిచి, "నాకు తెలుసు కదరా, కుడి అని! ఇన్నేళ్ళు ఆ ఒడ్డున కూర్చుని ఏం చూస్తున్నావురా?" అంది.

"రోడ్డు చూస్తున్నానమ్మా," అన్నాడు మేస్త్రి. తల దించుకుని, బల్లకు చెబుతున్నట్టు చెప్పాడు. "నీ కోడలు తెల్లనురుగు దాటి వెళ్ళిందంటే నేను అటు తిరగలేను. ఒక్కసారి చూశాను, మొదట్లో. మునిగి ఎంతసేపటికీ తేల్లేదు. నాకేమో ఈత రాదు. ఏం చెయ్యగలను? అప్పట్నుంచి చూడను. బల్లకేం కాలేదని చెబితే, దానికీ ఏం కాలేదనుకుంటాను."

టైలరమ్మ అక్కడే కుర్చీలో కూలబడింది. ఇన్నాళ్ళూ తాను పెంచుకున్న కోపమంతా ఎక్కడ పెట్టాలో తెలియలేదు. జాలిపడదామంటే ఒళ్ళుమంట చల్లారలేదు, తిడదామంటే మనసొప్పలేదు. ఇంత పిరికితనం పెట్టుకుని, ఆ సంగతి ఒక్కముక్క చెప్పకుండా, పైగా తనను ఆడలేనిదాన్ని చేశాడు! చెప్పి ఉంటే ఏం పోయేది? కాసేపటికి లేచి, పాతగుడ్డల మూట విప్పి, ఈతదుస్తులు బయటికి తీసింది.

"రేపు పొద్దున నేను దిగుతాను. మీరు సముద్రం వైపు తిరిగి నిలబడాలి. కళ్ళు మూస్తే ఊరుకోను."

మర్నాడు పొద్దున అలలు మరీ పెద్దవేం కావు. ఉన్న ఆ గుంటల బల్లే తీసుకుని వెళ్ళింది. నురుగు దాటి వెనక్కి చూస్తే, మేస్త్రి అరుగు మీద లేడు. నీటి అంచున నిలబడి, రెండు చేతులూ పిడికిళ్ళు బిగించి, ఇటే చూస్తున్నాడు. మొదటి అలకు ఆమె పడింది. తేలి చూస్తే ఆయన మోకాలి లోతు నీళ్ళలో ఉన్నాడు, ప్యాంటు కూడా మడవలేదు. ఆమెకు కంగారు పుట్టింది, ఈ ఈత రాని మనిషి ఇప్పుడు తనకోసం దిగి మునిగితే ఎవరు తీయాలని. వెనక్కి పొమ్మని చెయ్యి ఊపింది. వెళ్ళలేదు, ముందుకూ రాలేదు. ఈసారి గుంటలను వదిలి, కాళ్ళు తనకు అనువైన చోట పెట్టుకుని లేచింది. నిలబడింది. బల్లను తిప్పబోయింది, మోకాలు ముడుచుకుపోయింది, పడింది. అలా ఎన్నిసార్లు పడిందో, అన్నిసార్లూ ఆయన చూశాడు.

బయటికి వచ్చేసరికి మేస్త్రి మొహంలో నెత్తుటిచుక్క లేదు. బల్లను చూడనైనా చూడలేదు. తడిఇసుకలో చతికిలబడి, అల మీద నిలబడ్డట్టే ఇక్కడ నిలబడమన్నాడు. నిలబడింది. ఆమె ముందుకాలి మడమ దగ్గర ఒక అరచెయ్యి, వెనకకాలి మడమ దగ్గర ఒక అరచెయ్యి ఆనించాడు. ఆ దూరం చూసుకుని, అప్పుడన్నాడు.

"నీ అంగ ఇంతే. ఆ బల్ల నిన్ను ఇంకో జానెడు సాచమంటోంది. తిప్పాలనుకున్నప్పుడల్లా వెనక కాలు బల్ల చివరి దాకా లాగుతున్నావు, అక్కడ మోకాలు లోపలికి పడిపోతోంది. నేను చేసినవన్నీ ఆరడుగులవాళ్ళవే." అరచేతులు తీయకుండానే తల ఎత్తాడు. "నీ మోకాళ్ళకేం లేదే. అంతా నా బల్లల్లోనే ఉంది."

ఆ మాటకు ఎగిరి గంతేయాలి. ఆమెకు మాత్రం కళ్ళ నీళ్ళు తిరిగాయి, అవీ కోపంతోనే.

"ఇన్నాళ్ళు నూనె రాసుకున్నానండీ," అంది. "ముసలిదాన్నైపోయాననుకున్నాను."

ఆయన మడమల దగ్గర పెట్టిన అరచేతులు రెండూ అంతే దూరంలో గాలిలోకి ఎత్తి, అలాగే పట్టుకుని లేచాడు. ఏం చేస్తున్నారని ఆమె అడిగింది. కొలత పోకుండా ఇంటికి తీసుకెళ్తున్నానన్నాడు. ఒక పుల్ల తుంచుకుంటే సరిపోదా, ఇసుకలో గీత గీసి మళ్ళీ టేపు తెచ్చుకోకూడదా అని మొత్తుకుంది. వింటేనా! మోచేతులు పక్కలకు బిగించి, ఎదురుగా చూస్తూ, కనిపించని పెట్టె మోస్తున్నట్టు వీధిలో నడిచాడు. ఎదురైనవాళ్ళు పలకరిస్తే తలతోనే జవాబిచ్చాడు. సిగ్గుతో చస్తూ, బల్ల తానే చంకన పెట్టుకుని, గేటూ తలుపూ తీయడానికి టైలరమ్మే ముందు నడవాల్సి వచ్చింది.

గుమ్మంలో అత్తగారు అడ్డం నిలబడి, ఆ చేతులేమిట్రా అని అడిగింది. ఆయన నోరు విప్పలేదు, విప్పితే చేతులు కదులుతాయని భయం కాబోలు.

"నా కొలత అత్తయ్యా," అంది టైలరమ్మ. "కాస్త పక్కకి జరగండి, ఆయన్ని లోపలికి రానివ్వండి."